కార్డు చెడలేదు

శంషాబాదులో మా ఇంటి మీదుగా విమానాలు యథావిధిగా పోతూనే ఉన్నవి. నా కంప్యూటరుకు మాత్రం లోకంతో సంబంధం తెగిపోయినది. ముందురోజు రాత్రి లినక్స్ కెర్నెల్‌ను నవీకరించి పడుకొన్నాను. తెల్లవారి చూడగా వైఫై గుర్తే లేదు. మరమ్మతు దుకాణంలోని కుర్రవాడు ఒక్క చూపుతో తేల్చివేశాడు: "కార్డు ఖరాబైంది సార్. కాకుంటే ఫార్మాట్ కొట్టాలె."

ఆ మాటతో నా గుండె ఝల్లుమన్నది. ఈ ప్రాంతపు పల్లెపదాలను పదేళ్లుగా ఏరి కూర్చిన పట్టిక అందులో ఉన్నది. మరొక ప్రతి తీసిపెట్టుకోకపోవడం నా అపరాధమే. కాని మిత్రులారా, రోగనిర్ణయం చేయకుండా శస్త్రచికిత్సకు దిగే ఈ పద్ధతిని నేను ఒప్పుకోలేను.

ఇంటికి వచ్చి, ఎల్ఎస్‌పీసీఐ ఆదేశాన్ని 'కే' గుర్తుతో నడిపించాను. కార్డు పేరు కనిపించినది. దానిని నడిపే డ్రైవరు పేరుండవలసిన వరుస లేదు. అంటే రథమున్నది, సారథి లేడు. యంత్రాన్ని మళ్లీ ప్రారంభించి, గ్రబ్ పట్టికలో పాత కెర్నెల్‌ను ఎంచుకొన్నాను. వైఫై వచ్చినది! చెడిన కార్డు పాత కెర్నెల్‌కు భయపడి బాగుపడదు కదా.

నా కార్డు డ్రైవరు కెర్నెల్‌లో అంతర్భాగం కాదు; తయారీదారు విడిగా ఇచ్చినది. కెర్నెల్ మారినప్పుడల్లా డీకేఎంఎస్ దానిని మళ్లీ కూర్చాలి. ప్రకృతి మారినచోట పాత ప్రత్యయం అతకదు. ఆ కూర్పుకు కొత్త కెర్నెల్ హెడర్లు కావాలి, అవి నా యంత్రంలో లేవు. హెడర్లు దించుకోవాలంటే నెట్టు కావాలి; నెట్టు రావాలంటే హెడర్లు కావాలి. తర్కశాస్త్రంలో అన్యోన్యాశ్రయ దోషమనేది ఇదే. పాత కెర్నెల్‌లో ఉండగానే హెడర్లు దించుకొని, డ్రైవరును కూర్చి, కొత్తదానిలోకి ప్రవేశించాను. పాతది లేనివారు ఫోనును యూఎస్‌బీ తీగతో తగిలించి నెట్టు తెచ్చుకోవచ్చు. అయినా, కొన్ని వందల మెగాబైట్లు కలిసివస్తాయని పాత కెర్నెల్‌ను తీసివేయమనేవారి సలహా నాకు రుచించదు.

నవీకరణ సమయంలోనే డ్రైవరు కూర్పు కుదరలేదని సాధనానికి తెలుసు. ఆ మాట ఎవరూ తెరవని లాగ్‌లో వ్రాసి ఊరుకొనుటకంటె, "ఆగుము, నీకు రేపు నెట్టుండదు" అని ముఖాన చెప్పవచ్చును గదా!

నిజంగానే కార్డులు చెడిన సందర్భమూ ఉన్నది. మా ఊరి విమానాశ్రయం మొదలైన 2008లోనే, కెర్నెల్ 2.6.27 పరీక్షా ప్రతులతో కొన్ని ఇంటెల్ నెట్‌వర్క్ కార్డుల లోపలి మెమరీ పాడైనది. ఇ1000ఇ డ్రైవరునే మొదట అందరూ అనుమానించారు. దోషి ఎఫ్‌ట్రేస్ అనే వేరొక భాగమని అక్టోబరులో తేలినది. మూలం అందరి కళ్లెదుట ఉన్నది గనుక నిరపరాధి బయటపడ్డాడు. నా కార్డు డ్రైవరులో సగం మూతవేసిన పెట్టె. అందులో ఏమున్నదో చేసినవాడికే ఎరుక. డ్రైవరు మూలాన్ని కెర్నెల్‌లో చేర్చని తయారీదారు కార్డును నేనిక కొనను.

సాయంత్రం దుకాణానికి వెళ్లి, కార్డు బాగానే ఉన్నదని చెప్పాను. కుర్రవాడు నొచ్చుకోలేదు. "ఆ గ్రబ్ ఎట్ల తెరవాలె సార్?" అని అడిగాడు. ఎస్కేప్ మీట చూపించాను.