చెరువు చేపకు దారి యేది?

మా విద్యార్థి యొకడు తన గాజుతొట్టిలోని చేప మిక్కిలి పెరిగినందున దానిని హిమాయత్ సాగరున విడువవచ్చునా యని మమ్మడిగెను. వలదంటిమి. అందులకు గారణము నెల్లవారు నెఱుగవలెను.

ప్రాణులు తమకు దగిన వేడిమిని వెదకికొనుచు నివాసములు మార్చుకొనును. వెచ్చని నీటి చేపయగు ఇసుకదొందు గంగానదిలో హరిద్వారము వఱకు నెగబ్రాకినదని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. నదిలోని చేపకు దారి గలదు. శంషాబాదు చేరువను, ఈసీ యేటికి కట్ట వేసి 1927లో నిర్మించిన హిమాయత్ సాగరులోని చేపకో? ఎగువ నేఱు వేసవిలో నెండును. దిగువ కట్ట యడ్డము.

20 డిగ్రీల వేడిమిలో లీటరు నీరు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువును నిలుపుకొనగలదు. 30 డిగ్రీలలో ఏడున్నర మాత్రమే. ప్రాణవాయువు మిక్కిలి తగ్గినచో రవ్వ, బొచ్చె తల్లడిల్లును. పైగాలిని మ్రింగి బ్రదుకగల దక్షిణ అమెరికా సక్కరు చేప నిలుచును. అది గట్లను ద్రవ్వును, నాచును హరించును, జాలరుల వలలను జించును. నాచు మొదలు జాలరి యింటి కూటివఱకు గల గొలుసంతయు మాఱును.

ఒక్క చేప యేమి చేయునని కొందఱందురు. గుర్రపుడెక్కయు పూవుల యందమునకై పరదేశమునుండి తెచ్చినదే గదా! నేడది మన చెరువులను గప్పి వెలుతురు నాపుచున్నది.

ఎండను మన మొక్కరము తగ్గింపజాలము. తొట్టి చేపను చెరువున విడువకుండుట మాత్రము మన చేతిలోనిదే. వలదనుకొన్నచో దానిని కొన్న యంగడికే మరల నిండు.