చెట్టు పేరు చెప్పి డబ్బాలమ్ముతున్నారు

టీవీ పెడితే తిప్పతీగ రసం. ఫోను తెరిస్తే అశ్వగంధ గోళీలు. పొదుపు సంఘం మీటింగుకు పోతే మునగాకు పొడి డబ్బా పట్టుకుని ఎవరో మన చుట్టమే నిలబడి ఉంటుంది. షుగరు దిగిపోతుందట, మోకాళ్లు లేచి నడుస్తాయట, ఒంట్లో ‘ఇమ్యూనిటీ’ పొంగుతుందట. కూలి మనిషికి ఒక్కో డబ్బా రెండు మూడు రోజుల రెక్కల కష్టం. పనిచేస్తుందని ఎట్లా తెలుసమ్మా అంటే ఒకటే జవాబు: ‘ఇది చెట్టు మందు. ప్రకృతిది. హాని ఉండదు.’

ఇది పచ్చి అబద్ధం. గన్నేరు పప్పు ప్రకృతిది కాదా? ఉమ్మెత్త గింజ ఫ్యాక్టరీలో పుట్టిందా? చెట్టు చంపగలదని మన వాడల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. నల్లజీడి తగిలితే చర్మం పొక్కుతుందని ఎరిగిన ముసలమ్మలే దాన్ని కొలత చూసి మందుగా వాడారు. మోతాదు లేని మందు మందే కాదని వాళ్లకు తెలుసు. డబ్బాల వ్యాపారికి తెలియకనా!

మేము మొక్కలకు శత్రువులం కాము. అడవి తిరిగి ఆకు గుర్తుపట్టిన చెంచులు, యానాదులు, పురుళ్లు పోసిన మంత్రసానులు లేకుండా ఈ దేశంలో వైద్యం లేదు. మందు నూరిన చేతిని మైల అన్నది ఎవరు? వైద్యుడు పెట్టే కూడు తినొద్దని రాసింది మనుస్మృతి నాలుగో అధ్యాయంలోనే కదా? ఇప్పుడు అదే మందుకు ‘ఋషుల విజ్ఞానం’ అని అట్ట వేసి మనకే అమ్ముతున్నారు. చరకుడి పేరు డబ్బా మీద అచ్చేస్తున్నారు. ఆ చరక సంహిత ఆవు మాంసాన్ని పొడి దగ్గుకూ, విడిచి విడిచి వచ్చే జ్వరానికీ, కండ కరిగిపోవడానికీ మంచిదంటుంది. ఆ మాట అచ్చేయరేం?

ఆ సంగతి అట్లా ఉంచుదాం. ఋషి చెప్పినా, మా అవ్వ చెప్పినా పరీక్షకు నిలబడాలి. సర్పగంధి నిలబడింది. బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ రక్తపోటు రోగులకు ఇచ్చి చూసి 1949లో లెక్కలు బయటపెట్టాడు. ప్రపంచం ఒప్పుకుంది. దాంట్లోంచి తీసిన మందు కొందరిలో మనసును కుంగదీస్తుందని కూడా తర్వాత రాసి పెట్టారు. మంచీ చెడూ రెండూ రాయడమే నిజాయితీ.

నేలఉసిరి కథ ఇంకోరకం. కామెర్లకు నేలఉసిరి పసరు పోయని పల్లె లేదు. తగ్గింది కూడా. అయితే కలుషితమైన నీళ్ల వల్ల వచ్చే కామెర్లు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. పసరు పోసినా తగ్గేవే, పోయకపోయినా తగ్గేవే. పేరు మాత్రం పసరుకొచ్చింది. తగ్గకుండా ఒంట్లో ఉండిపోయే హెపటైటిస్ బి మీద మద్రాసులో పరీక్ష చేశారు. నేలఉసిరి తీసుకున్న 37 మందిలో 22 మందికి రక్తంలో వైరస్ గుర్తు పోయిందనీ, ఉత్తుత్తి మందు తీసుకున్న 23 మందిలో ఒక్కరికే పోయిందనీ 1988లో లాన్సెట్ పత్రిక అచ్చేసింది. ఎంత ఆశ! తర్వాత ఇతరులు చేసిన పరీక్షల్లో ఆ ఫలితం మళ్లీ రాలేదు. అందుకే అంటున్నాం, మా పక్కింటాయనకు తగ్గింది అనేది సాక్ష్యం కాదు. ఒక్క పరీక్ష కూడా చాలదు.

హాని లేదనడం వేరు, పనిచేస్తుందనడం వేరు. 2021 మేలో కృష్ణపట్నం మందు కోసం వేలమంది ఎగబడ్డారు. హాని కనపడలేదని సర్కారు పంపిణీకి ఒప్పుకుంది, కంట్లో వేసే చుక్కల్ని మాత్రం ఆపింది. కరోనా తగ్గిస్తుందనడానికి రుజువు లేదని కూడా అప్పుడే చెప్పింది. ఆ రెండో మాట ఎంతమంది చెవిన పడింది?

తిప్పతీగ సంగతి చూడండి. కరోనా రోజుల్లో కషాయాలు కాచి తాగినవాళ్లలో ఆరుగురికి కాలేయం దెబ్బతిన్నదని ముంబై డాక్టర్లు 2021లో రాశారు. 2022లో వేర్వేరు ఊళ్ల ఆస్పత్రుల నుంచి 43 మంది లెక్క వచ్చింది. ఆయుష్ శాఖ కొట్టిపారేసింది. తిప్పతీగ మంచిదేననీ, దాన్ని పోలిన వేరే తీగ తిని ఉంటారనీ అన్నది. సరే, ఒప్పుకుందాం. మరి డబ్బాలో పొడి చేసి పోసిన తీగ ఏదో తేల్చే పూచీ ఎవరిది? మన చూపుడువేలిదా? లక్షలమంది తాగితే 43 మందేనా అంటారు ఇంకొందరు. తాగినవాళ్ల లెక్కే లేనప్పుడు 43 ఎక్కువో తక్కువో ఎట్లా తేలుతుంది?

కూరలో చిటికెడు పసుపు వేరు. పసుపు సారం పిండి, ఒంటికి ఎక్కువ పట్టేట్టు మిరియాల సారం కలిపి చేసిన గోళీ వేరు. అట్లాంటి గోళీలతో కాలేయానికి ముప్పుండొచ్చని 2023లో ఆస్ట్రేలియా మందుల శాఖ హెచ్చరించింది. అదే ఏడు డెన్మార్క్ అశ్వగంధను నిషేధించింది. ఇక్కడ అదే అశ్వగంధకు సినిమావాళ్ల బొమ్మలు.

అన్నిటికంటే మోసం మోకాళ్ల పొడులది. మూడో రోజుకే నొప్పి మాయమైతే సంతోషపడొద్దు, అనుమానించండి. కీళ్లనొప్పులకు ‘సహజం’ అని అమ్మిన గోళీల్లో చీటీ మీద రాయని డెక్సామెథసోన్, డైక్లోఫెనాక్ దొరికాయని 2022లో అమెరికా మందుల శాఖ బయటపెట్టింది. మొదటిది స్టెరాయిడ్. షుగరు పెంచుతుంది, మొహం ఉబ్బిస్తుంది, ఎముకను గుల్ల చేస్తుంది. చాలాకాలం తిని ఒక్కసారిగా మానినా ప్రమాదమే.

చట్టం లేదా? 1954 నాటి మాయమందుల ప్రకటనల చట్టం ఉంది. షుగరు నయం చేస్తామని ప్రకటించడమే దాని కింద నేరం. రోజూ పేపర్లో ఆ నేరం రంగుల్లో అచ్చవుతోంది. పాత గ్రంథాల్లో ఉన్న యోగమైతే లైసెన్సుకు కొత్తగా మనుషుల మీద పరీక్ష చూపనక్కర్లేదు. ప్రకటనకు ముందే అనుమతి కావాలని 2018లో పెట్టిన 170వ రూలును 2024 జూలైలో ఆయుష్ శాఖే ఎత్తేసింది. సుప్రీంకోర్టు దాకా పోయింది ఆ పంచాయితీ. ఎవరికోసం ఎత్తేశారో మేం చెప్పాలా?

అమ్మేవాళ్లను వాడవాడలో అడుగుదాం. ఏ మొక్క? వేరా, ఆకా? ఎన్ని గ్రాములు? సీసం, పాదరసం చూశారా? ఎంతమంది మీద, ఎన్నాళ్లు పరీక్షించారు? బీపీ మందుతో కలిపి తింటే ఏమవుతుంది? ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు చూపిస్తే అది తిండి సరుకుకిచ్చే నంబరని మొహం మీదే చెప్పండి. కళ్లు పచ్చబడినా, ఒంటేలు ముదురు రంగులో వచ్చినా పొడి ఆపేసి డబ్బాతో సహా పెద్దాసుపత్రికి పొండి. డాక్టరు కసురుకుంటాడని దాచొద్దు. ఇన్సులిన్ మానేసి ఇది తినమన్నవాడి పేరు, బిల్లు దగ్గర పెట్టుకోండి. బిల్లివ్వనంటే డబ్బా వాడి చేతిలోనే పెట్టి రండి.