ఎనిమిది గంటల ఊళ్లో పద్నాలుగు గంటల చదువు

జంషెడ్‌పూర్ సీతారాండేరాలో ఉండే తెలుగు కుటుంబాల్లో చాలామంది పెద్దలు ఉత్తరాంధ్ర నుంచి టాటా కంపెనీ పనికి వచ్చినవాళ్లే. ఆ కంపెనీ 1912లోనే ఎనిమిది గంటల పనిదినం పెట్టింది, అంటే మన ఫ్యాక్టరీల చట్టం కంటే 36 ఏళ్ల ముందు. అలసిన మనిషి కొలిమి దగ్గర నిలబడితే పనీ చెడుతుంది, ప్రాణానికీ ముప్పే. ఇప్పుడు అదే ఊళ్లో వాళ్ల మనవళ్లు "రోజుకు పద్నాలుగు గంటలు చదువుతున్నా" అని గొప్పగా చెప్పుకుంటున్నారు. హైదరాబాద్ అశోక్‌నగర్ గదుల్లోనూ ఇదే మాట. నా దృష్టిలో ఇది క్రమశిక్షణ కాదు, లెక్క తెలియకపోవడం.

2003లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక ప్రయోగ ఫలితాలు ప్రచురించారు. రాత్రికి ఆరు గంటలే నిద్రపోయినవాళ్ల ఏకాగ్రత రెండు వారాలకల్లా, అసలు నిద్రే లేకుండా ఒకటి రెండు రాత్రులు గడిపినవాళ్ల స్థాయికి పడిపోయింది. అసలు ప్రమాదం ఇంకొకటి ఉంది: తాము అంతగా దెబ్బతిన్నామని వాళ్లకే తెలియలేదు. "నాకు ఆరు గంటలు చాలు" అని మీరూ అంటుంటే ఈ ప్రయోగాన్ని ఒకసారి గుర్తు చేసుకోండి. ప్రిలిమ్స్ మొదటి పేపరు ఉదయం 9:30కి. రాత్రి మూడింటిదాకా మేల్కొనే అలవాటున్న మెదడుకు అది అర్ధరాత్రితో సమానం.

ఉద్యోగం చేస్తూ చదివేవాళ్లకు ఏడు గంటల నిద్ర ఎక్కడిదని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కోత పెట్టక తప్పకపోతే మూడో కరెంట్ అఫైర్స్ మ్యాగజైన్‌కు పెట్టండి, నిద్రకు వద్దు.

ఇక ఎవరూ మాట్లాడని విషయం రక్తహీనత. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే–5 ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో దేశంలో 57 శాతం, జార్ఖండ్‌లో 65 శాతం మందికి రక్తహీనత ఉంది. ఊరంతా ఇనుము, ఒంట్లో మాత్రం లేదు! మగవాళ్లలోనూ దేశంలో నలుగురిలో ఒకరికి ఉంది. జీఎస్ సమాధానంలో ఈ అంకెలు రాసే అమ్మాయే నాలుగు పేజీలు చదివేసరికి నీరసపడి, తనకు పట్టుదల లేదని తనను తానే తిట్టుకుంటుంది. ఇంట్లోవాళ్లు బద్ధకమంటారు. హిమోగ్లోబిన్ పరీక్ష చేయించాలని ఎవరికీ తోచదు. ఆడవాళ్లకు 12, మగవాళ్లకు 13 గ్రాముల కంటే తక్కువ వస్తే డాక్టరును కలవండి. మందుల షాపులో అడిగి మాత్రలు తెచ్చుకోవద్దు.

దీన్ని ఇంకా పెంచేది మన చాయ్. భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీ వద్దని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో చెప్పింది. టీలోని టానిన్లు తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. మనమేమో అన్నం తిన్న చేత్తోనే గ్లాసు పట్టుకుంటాం, లేకపోతే నిద్రొస్తుందని. టీ మానేయమని నేననను, ఆ మాట మీరు వినరు కూడా. గంట ఆగండి. మునగాకు పప్పులో నిమ్మకాయ పిండుకోండి, విటమిన్ సి ఇనుమును ఒంటబట్టిస్తుంది. సత్తు ఆ ఊళ్లో ప్రతి వీధిలో దొరుకుతుంది, బిస్కెట్ ప్యాకెట్ కంటే అదే మేలు.

వ్యాయామానికి జిమ్ అక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది వారానికి కనీసం 150 నిమిషాలు. రోజుకు పాతిక నిమిషాల్లోపే. సాక్చి దాటి జూబిలీ పార్కుదాకా చురుగ్గా నడిస్తే అయిపోతుంది, ఫోన్ జేబులోనే ఉంచితే.