డాబా మీద గొడుగు

మొన్న వడియాలు పెట్టడానికి డాబా ఎక్కితే మా అత్తగారు అడిగారు: "ఆ గొడుగు ఇంకా ఎందుకే? తీయించెయ్యరాదూ!"

గొడుగంటే డిష్. దాని గొట్టానికి బట్టల తాడు కట్టుకుని చాన్నాళ్లయింది. తీసేస్తే ఆ తాడు ఎక్కడ కట్టాలా అన్నదే నా బెంగ.

పెళ్లయిన ఏడాది, 2009లో వచ్చిందది మా ఇంటికి. ఏ కంపెనీదో ఎందుకు లెండి. బిగించడానికొచ్చిన కుర్రాడు దాన్ని ఆగ్నేయం వైపు తిప్పితే, "వంటింటి మూలే కదా, మంచిదే" అన్నారు అత్తగారు. భూమికి 36 వేల కిలోమీటర్ల పైన ఉన్న ఉపగ్రహం మన వాస్తు చూసుకుని కూర్చున్నట్టు! వాన జోరుగా పడితే బొమ్మ మాయం. అయినా కేబుల్ కుర్రాడి కోసం ఎదురు చూడక్కర్లేదు, వీధిలో కరెంటు పోయి మనింట్లో ఇన్వర్టరున్నా సీరియల్ ఆగదు. అదే గొప్ప.

ఇలా ఇళ్లకు నేరుగా ప్రసారాలివ్వడాన్ని మన ప్రభుత్వం 1997లో వద్దంది. 2000లో ఒప్పుకుంది. 2003 అక్టోబరులో జీ వారి సుభాష్‌చంద్ర 'డిష్ టీవీ' మొదలుపెట్టారు. దేశంలో తొలి ప్రైవేటు డీటీహెచ్ అదే. కేబుల్ తీగ చేరని ఊళ్లే దానికి మొదటి ఆదరువు. తర్వాత ఒకరి వెనక ఒకరు దిగారు. 2006లో టాటా స్కై, ఆ వెనకే సన్ డైరెక్ట్, 2008లో రిలయన్స్ బిగ్ టీవీ, ఎయిర్‌టెల్, 2009లో వీడియోకాన్. షారుఖ్ ఖాన్ డిష్ టీవీ ప్రకటనల్లో కనిపించిందీ అప్పుడే.

వ్యాపారం తీరు మాత్రం విచిత్రం. బాక్సు ఖరీదులో కొంత కంపెనీయే భరించి మనకు చౌకగా అంటగట్టేది, నెలనెలా రీఛార్జిలో రాబట్టుకుందామని. కొత్త కోడలికి పసుపు కుంకాలిచ్చి గుట్టుగా వంటపని అప్పజెప్పినట్టన్నమాట! పోటీలో ధర పెంచే వీల్లేదు. చానళ్లవాళ్లకూ, ఉపగ్రహానికీ అద్దెలు కట్టాలి. అప్పట్లో ఆదాయంలో పదో వంతు ప్రభుత్వానికి లైసెన్సు ఫీజు. మనం రీఛార్జి మానేస్తే బాక్సు వెనక్కి లాక్కోవడమూ దండగే. ఇన్నీ తెలిసీ అప్పులు చేసి మరీ నడిపారు. 2012లో మహానగరాల్లో, 2013లో హైదరాబాదు, విశాఖలతో కలిపి మరికొన్ని నగరాల్లో కేబుల్‌కూ బాక్సు తప్పనిసరి చేశారు కదా, అప్పుడు కొంత ఊపు వచ్చింది.

అసలు పొరపాటు ఆ తర్వాతే జరిగిందని నాకనిపిస్తుంది. 2016లో వీడియోకాన్ డీటూహెచ్‌ను కలుపుకుంటున్నామన్నారు. 2018 మార్చికి కలిపేసుకున్నారు. రెండు కోట్ల పైచిలుకు ఇళ్లు! దేశంలో అంత పెద్ద డీటీహెచ్ మరోటి లేదు. పేపర్లలో హోరెత్తింది. కానీ 2016 సెప్టెంబరులోనే జియో వచ్చింది. ఇంటి పైకప్పు మీద గొడుగులు లెక్కపెట్టుకుంటున్నవాళ్లు, ఇంట్లో పిల్లాడి చేతిలో ఫోను చూడలేదు. 2019 జనవరిలో అప్పులిచ్చినవాళ్లకు సుభాష్‌చంద్ర ఓ క్షమాపణ లేఖ రాశారు. వీడియోకాన్ డీటూహెచ్‌ను కొనడం తాను చేసిన పెద్ద తప్పుల్లో ఒకటని ఆయనే ఒప్పుకున్నారు. మన ఇళ్లలో ఏ మగవాడైనా అలా కాగితం మీద పెట్టి ఒప్పుకుంటాడేమో చెప్పండి!

తర్వాతది వరస కట్టిన కష్టాలే. తనఖా పెట్టిన వాటాల్లో పాతిక శాతం దాకా యెస్ బ్యాంకు చేతికి పోయాయి. 2021లో బ్యాంకుకూ యాజమాన్యానికీ కోర్టుల దాకా పోరు. 2022లో సుభాష్‌చంద్ర తమ్ముడు జవహర్ గోయల్ బోర్డు నుంచి తప్పుకున్నారు. నష్టం వెయ్యి కోట్లు దాటిన ఏళ్లున్నాయి. ఈలోగా టాటా, ఎయిర్‌టెల్ దాన్ని దాటిపోయాయి. ఆ ఒక్క కంపెనీయే అనుకునేరు... దేశం మొత్తమ్మీద డబ్బుకట్టి చూసే డీటీహెచ్ ఇళ్లు 2020లో ఏడు కోట్లుంటే, 2025కి ఆరు కోట్ల లోపుకొచ్చాయి. అటు ఉత్తరాదిలో నెలకు పైసా అడగని డీడీ ఫ్రీ డిష్, ఇటు ఆంధ్రాలో 2017 డిసెంబరులో 149 రూపాయలకే టీవీ, ఇంటర్నెట్, ఫోను కలిపి ఇస్తామంటూ వచ్చిన ఫైబర్‌నెట్. గొడుగు ఎవరికి కావాలి?

మధ్యలో 2019 ఫిబ్రవరి మీకు గుర్తుండే ఉంటుంది. ట్రాయ్ వారి కొత్త పద్ధతి. వంద చానళ్లకు 130 రూపాయలు, పన్నుతో 153 రూపాయల 40 పైసలు. డబ్బు చానళ్లకు వేరే. మేం ఆరోజు సరుకుల చీటీలాగా కాగితం ముందేసుకుని కూర్చున్నాం. మా వారికి క్రికెట్, పిల్లలకు కార్టూన్లు రాసేశాక, అత్తగారి భక్తి చానలూ నా సినిమా చానలూ ఆఖర్న మిగిలాయి. "ఎంతైంది?" అన్నారు మా వారు. ఆయన అన్న తీరుకే నేను నాది కొట్టేశాను. 'మీకు నచ్చినవే ఎంచుకోండి, స్వేచ్ఛ మీదే' అని ప్రకటనల్లో చెప్పినప్పుడల్లా ఆ కాగితమే గుర్తొస్తుంది.

ఇప్పుడు అందరూ ఫోన్లోనే చూస్తున్నారు, టీవీ దేనికంటారు. ఎవరి ఫోను? మా వారిది ఆయనతో ఆఫీసుకెళ్తుంది. అబ్బాయిది వాడి గదిలో ఉంటుంది. నాదానికి డేటా వేయించేటప్పుడు "రోజుకి అంత నువ్వేం చేసుకుంటావు?" అన్న ప్రశ్న తప్పదు. అత్తగారికి మీటలున్న ఫోనే. ఆవిడకు పాస్‌వర్డులు తెలీవు, వేళ్లు వణుకుతాయి. ఆవిడకు తెలిసింది రిమోటులో రెండు బటన్లు. కంపెనీల పతనం గురించి రాసే పెద్దలు వాటాలు, నష్టాలు లెక్కేస్తారు. ఆ రెండు బటన్లు ఏ లెక్కలోకీ రావు.

పోనీ ఫైబరు పెట్టించుకుందామంటే అదీ మంచిదే. కానీ దానికీ ఒక పెద్ద రిమోటూ, ఓ చిన్న రిమోటూ. మొదట్నుంచీ ఆవిడకు నేర్పాలి. నేర్పేది నేనే.

ఆగిపోయిన మా బాక్సును నెల్లాళ్లకు మళ్లీ రీఛార్జి చేయించాను. మా వారికి చెప్పలేదు, పాల డబ్బుల్లో సర్దాను. బట్టల తాడు కూడా అక్కడే ఉంది.