లోచ్ చేప కొనే ముందు ఒక్క ప్రశ్న

మన సాఫ్టువేరు జీవుల ఇళ్ళల్లో అక్వేరియం ఈ మధ్య మామూలైపోయింది. రోజంతా స్క్రీను చూసిన కళ్ళకి సాయంత్రం ఇంకో గాజుపెట్టె చూస్తేగానీ విశ్రాంతి దొరకదు మరి :) దాన్ని నేనేం తప్పు పట్టట్లేదు, మా ఇంట్లోనూ రెండున్నాయి. నా పేచీ అంతా అందులో వేసే ఒక రకం చేప గురించే. అదే లోచ్.

తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను. మూతి దగ్గర మీసాలుంటాయి, కంటి కింద చిన్న ముల్లుంటుంది, నీటి అడుగున ఇసుకలో తచ్చాడుతూ ఉంటుంది. "ట్యాంకు శుభ్రం చేస్తుంది సార్, నత్తల్ని కూడా తినేస్తుంది" అని షాపతను అంటగట్టేది దీన్నే. నారింజ ఒంటి మీద నల్ల పట్టీలుండేది క్లౌన్ లోచ్. సన్నటి చారలుండేది జీబ్రా లోచ్. చిన్న పాముపిల్లలా ఉండేది కూలీ లోచ్ (పేరు చూసి కూలిపని అనుకునేరు, అది హైన్రిక్ కూల్ అనే జర్మన్ శాస్త్రవేత్త పేరు మీద వచ్చింది).

ఇంతకీ ఇవి ఎక్కడ పుడుతున్నాయి? గప్పీలూ మోలీలూ చెరువుల్లో, తొట్లలో పుట్టి పెరిగి వస్తాయి. లోచ్‌ల సంగతి అలా కాదు. వీటిలో చాలా భాగం వాగుల్లో వల వేసి పట్టినవే. క్లౌన్ లోచ్ సొంతూరు సుమత్రా, బోర్నియో. జీబ్రా లోచ్ అయితే మన పక్కదే. 1920లో నారాయణరావు గారు బోటియా స్ట్రయాటా అని పేరు పెట్టిన ఈ చేప పశ్చిమ కనుమల్లో తుంగ లాంటి ఏరుల్లో ఉంటుంది. ఆ తుంగ నీళ్ళే భద్రతో కలిసి, కృష్ణలో పడి, బెజవాడ బ్యారేజీ దాకా వస్తాయి. అంటే మన కృష్ణమ్మ పైభాగపు చేపే. ఇప్పుడది అంతర్జాతీయ రెడ్ లిస్టులో అంతరించే ప్రమాదంలో ఉన్న జాతి. మన షాపుల్లో మాత్రం కవర్లో నీళ్ళు పోసి, రబ్బరు బ్యాండు వేసి చేతికిస్తారు.

అంచేత నేను పెట్టుకున్న నియమం ఒక్కటే. కొనే ముందు "దీని పిల్లల్ని నా ఇంట్లో పెంచగలనా?" అని అడుగుతాను. అవునంటే కొంటాను, కాదంటే చూసి సంతోషించి వచ్చేస్తాను.

దీనికి ఒక అభ్యంతరం ఉంది, అది కొట్టిపారేసేది కాదు. "అడవి చేపలు కొనకపోతే, వాటిని పట్టి బతికే పేదవాడి సంగతేంటి?" అంటారు. బ్రెజిల్‌లో రియో నీగ్రో ఒడ్డున బార్సెలోస్ అనే ఊరు కార్డినల్ టెట్రా చేపల మీద బతికింది. ఆ ఆదాయం ఉన్నంతకాలం అక్కడివాళ్ళకి అడవి నరకాల్సిన అవసరం తక్కువ. నిజమే. కానీ టెట్రా వేలల్లో పుట్టి, ఏటి నీరు తగ్గగానే చాలావరకు ఎలాగూ చచ్చిపోయే చేప. క్లౌన్ లోచ్ అలా కాదు, అడుగు పొడవు దాకా పెరిగి ఇరవై ఏళ్ళ పైన బతుకుతుంది. రెండేళ్ళకోసారి కంపెనీ, మూడేళ్ళకోసారి ఊరు మారే మనం ఇరవై ఏళ్ళ చేపని ఏ ఫ్లాటుకని మోసుకెళ్తాం చెప్పండి?

"హార్మోన్ ఇంజెక్షన్ ఇస్తే గుడ్లు పెట్టేస్తాయట కదా" అని ఒక మిత్రుడు అడిగాడు. హేచరీల్లో క్లౌన్ లోచ్ పిల్లల్ని తీసేది అలాగే. ఇక్కడో సరదా సంగతి. మాది పద్మనాభం. మా ఊరి పేరు చరిత్ర పుస్తకాలకెక్కింది 1794 జూలై 10న కుంఫిణీ సైన్యంతో పోరాడి విజయనగరం రాజు విజయరామరాజు కన్నుమూసిన యుద్ధం వల్ల. అదే జూలై 10న, 1957లో, ఒడిషాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి బృందం ఇంజెక్షన్‌తో చేపల చేత గుడ్లు పెట్టించింది. ఆ రోజునే దేశమంతా మత్స్యరైతుల దినోత్సవం చేసుకుంటోంది. మా ఊళ్ళో ఒక రాజు పడిపోయిన తారీఖునే చేపపిల్లల కరువు తీరే దారి దొరికిందన్నమాట. బొచ్చె, రోహు సాగుకి అది మహోపకారం. కానీ వేలెడంత లేని చేపకి డైనింగ్ టేబుల్ మీద సూది గుచ్చడం వేరు. రిలీజ్ డేటు ముందే రాసుకుని పనిచేయడం మనకలవాటు గానీ, లోచ్‌కి క్యాలెండరు తెలీదు, వానే తెలుసు.

ఆ వానని మనం ఇవ్వగలం. కూలీ లోచ్‌తో మొదలుపెట్టండి. ఎనిమిదో పదో కలిపి, సన్నటి ఇసుక, ఎండు బాదం ఆకులు, పైన తేలే మొక్కలు ఉన్న ట్యాంకులో ఉంచండి. ఎండాకాలం చివర్లో నీరు కొద్దికొద్దిగా తగ్గిస్తూ, బాగా తిండి పెట్టండి. తొలకరి వానలు రెండు మూడు పోయాక పట్టిన వాననీళ్ళు, మామూలు కంటే రెండు డిగ్రీలు చల్లగా, నెమ్మదిగా పోయండి. సున్నం ఎక్కువున్న బోరు నీళ్ళతో ఈ పని కాదు. గుడ్లు నిండిన ఆడచేప పొట్టలో ఆకుపచ్చ రంగు పైకే కనిపిస్తుంది. నాకు మొదటి రెండేళ్ళూ ఆ రంగు దగ్గరే ఆగింది, మూడో జూన్‌లో గుడ్లు రాలాయి.

తల్లీతండ్రీ గుడ్లు తినేస్తాయి, కాబట్టి అడుగున జల్లెడ గానీ గోళీలు గానీ ఉండాలి. సుమారు ఒక రోజులో పిల్లలొస్తాయి, దారప్పోగుల్లాగా. అసలు పని అప్పుడు మొదలవుతుంది. మొదటి రోజుల్లో వాటి నోటికి పట్టేది ఆకు నానిన నీటిలో పుట్టే సూక్ష్మజీవులే. తర్వాత ఆర్టీమియా. మన భీమిలి తీరంలో రొయ్యల హేచరీలకి ఇది రోజువారీ సరుకు. లీటరు నీళ్ళకి పాతిక నుంచి ముప్పై గ్రాముల ఉప్పు, కింద గాలి బుడగలు, కాస్త వెలుతురు ఉంటే మన వేడికి ఒక్క రోజులో పొదుగుతుంది. మంచినీటితో కడిగి వెయ్యాలి.

లోచ్ పిల్లలు బతికేది అడుగునే, మిగిలిన తిండి కుళ్ళేదీ అడుగునే. వాటిని ఎక్కువగా చంపేది ఆకలి కన్నా ఆ కుళ్ళే. రోజూ సన్నటి గాలిగొట్టంతో అడుగు లాగాలి, అదీ తెల్ల బకెట్లోకి లాగాలి, పొరపాటున వచ్చిన పిల్ల కనబడేలా. ఫిల్టరు స్పాంజిదే ఉండాలి. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి దగ్గరుంచుకోండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చాక వైజాగ్ ఎన్ని రోజులు చీకట్లో ఉందో మనకి గుర్తే కదా. కాస్త పెరిగిన పిల్లల్ని వలతో కాకుండా గ్లాసుతో ముంచి తీయండి, కంటి కింది ముల్లు వలలో చిక్కుకుంటుంది.

ఇంతా చేస్తే నాకు మిగిలినవి పదిహేడు. పెట్టిన ఖర్చుకి షాపులో ముప్పై వచ్చేవి, ఒప్పుకుంటాను. కానీ అందులో పదకొండు ముగ్గురు స్నేహితుల ఇళ్ళకెళ్ళాయి. ఆ పదకొండూ ఏ వాగులోనూ వలకి చిక్కినవి కావు. నాకు ఆ లెక్క నచ్చింది.

ఇంకొక్క మాట. పిల్లలు ఎక్కువైపోతే ఎవరికైనా ఇవ్వండి గానీ, గోస్తనిలోనో ఊరి చెరువులోనో వదలకండి. ఎవరో అక్వేరియంలోంచి వదిలిన సక్కర్ చేపే ఇవాళ దెయ్యం చేప అనే పేరుతో మన జాలర్ల వలలు చింపుతోంది.

ఈసారి షాపుకెళ్తే రేటు అడిగే ముందు "ఇది ఎక్కడ పుట్టిందండీ?" అని అడిగి చూడండి. షాపతనికి సమాధానం తెలియకపోవచ్చు. కానీ నలుగురు అడిగితే, ఐదోవాడి కోసమైనా తెలుసుకుంటాడు. ఏమంటారు?