మెకంజీ దొరయు, కావలి సోదరులును

కత్తి పట్టిన చేతనే గంటము పట్టినవారు మన తెలుగుదేశమున లేకపోలేదు. కాని మన భాషలలో నొక్కదానినైనను చక్కగా చదువనేరని విదేశీయ సైనికుడొకడు మన శాసనముల నుద్ధరించిన మహాపురుషుడుగా పేరు గాంచుట వింతగదా! కర్నల్ కోలిన్ మెకంజీ దొర చరిత్రము అట్టిది. ఆయన కీర్తిని తగ్గింపవలయునని మాకు లేదు. ఆ కీర్తిలో పాలు పొందవలసినవారికి ఆ పాలు దక్కలేదనుటయే మా వాదము.

మెకంజీ దొర స్కాట్లండు దేశమునకు పడమటనున్న లూయిస్ దీవిలో, స్టార్నొవే అను రేవుపట్టణమున జన్మించెను. మన గణిత పుస్తకముల చివరనుండు లాగరిథముల పట్టికలకు మూలపురుషుడు జాన్ నేపియరు అని విద్యార్థు లెఱుగుదురు. ఆయన చరిత్రమును వ్రాయదలచిన నేపియరు ప్రభువు, హిందువుల గణితశాస్త్రమును గూర్చిన సంగతులను సేకరించుటకు యువకుడైన మెకంజీని తోడు చేసికొనెను. ఆ ప్రభువు మరణించుటచే పని నిలిచిపోయెను గాని, ఈ దేశపు విద్యలమీది యాసక్తి మెకంజీని విడువలేదు. 1783వ సంవత్సరమున ఆయన కుంపిణీవారి సైన్యమున చేరి చెన్నపట్టణమున దిగెను. అటుపిమ్మట ఇంజనీరు కొలువు. కోటలను కొలుచుట, దండు నడచుటకు దారులను గుర్తించుట, ముట్టడులకు వలయు పనులను జరిపించుట ఆయన నిత్యకృత్యములు. టిప్పు సుల్తానుతో జరిగిన యుద్ధములలోను, 1793లో జరిగిన పుదుచ్చేరి ముట్టడిలోను ఆయన యుండెను. 1792వ సంవత్సరపు సంధి తరువాత నిజాము రాజ్యమున నిలిచిన కుంపిణీ సేనకు ఇంజనీరుగను, సర్వేయరుగను నియమింపబడి ఈ ప్రాంతములను కొలిచి పటములు గీచెను.

1797 ప్రాంతమున అమరావతిలోని దిబ్బను, అచ్చటి చలువరాతి శిల్పములను చూచి, అవి సామాన్యములు కావని గ్రహించెను. 1816లో మరల అచ్చటికి పోయి బొమ్మలు వ్రాయించెను. ఆ రాళ్లలో ననేకములు తరువాత సున్నపు బట్టీల పాలయ్యెను. నేడు వాని రూపము తెలియుటకు ఆ బొమ్మలే శరణ్యము. ఈ యొక్క పనికే మనము ఆయనకు ఋణపడియున్నాము. ఆయన 1815లో హిందూదేశమునకంతటికిని సర్వేయరు జనరలయ్యెను. 1821వ సంవత్సరము మే నెల 8వ తేదీన మరణించెను. ఆయన కూర్చిన రాశిని కుంపిణీవారు ఆయన భార్యకు లక్ష రూపాయలిచ్చి కొనిరి. 1828లో విల్సను పండితుడు దానికి పట్టిక వ్రాసి ప్రకటించెను. వ్రాతప్రతులు 1,568; శాసనముల నకళ్లు 8,076; నాణెములు 6,218! రోమక సామ్రాజ్యపు శాసనములను ఒక్కచోట కూర్చుటకు బెర్లిను నగరమున మామ్సెన్ పండితుని యాజమాన్యమున మహాప్రయత్న మారంభమైనది 1853వ సంవత్సరముననే యని తలపునకు తెచ్చికొన్నచో, ఈ సైనికుని పని యెంత ముందుగా జరిగినదో బోధపడును. అచ్చట నొక విద్వత్పరిషత్తు వెనుకనుండెను. ఇచ్చట చాలవఱకు ఆయన జీతపు సొమ్మే వ్యయమయ్యెను.

ఇంతవఱకు అందఱును చెప్పుదురు. ఆ యెనిమిదివేల శాసనములను చదివినవారెవరు?

చార్మినారునకు పడమటగా లాడ్ బజారు కలదు. మా విద్యార్థులలో ననేకులు ప్రతిదినమును ఆ వీధినే నడచి వత్తురు. పెండ్లిండ్ల కాలమున నచ్చట కాలు మోపుటకు సందుండదు. అంగళ్ల ముందర తళతళలాడు లక్కగాజుల వరుసలను చూడనివారు లేరు. బొగ్గుల కుంపటి చెంత కూర్చుండి, లక్కను కాచి మెత్తబఱచి, కడ్డీగా సాగదీసి, వలయముగా వంచి, వేడి చల్లారకమునుపే అద్దపు రాళ్లను ఒక్కొక్కటిగా పొదుగు చేతులను చూచినవారెందఱు? కొన్నవారు ఇంటికి పోయి అంగడి పేరే చెప్పుదురు. 2024వ సంవత్సరమున హైదరాబాదు లక్కగాజులకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఊరికి పేరు వచ్చినది, సంతోషమే. గాజు చేసిన చేతికి ఎన్నడు వచ్చునో! మెకంజీ సేకరణమను గొప్ప యంగడికిని ఇట్టి వెనుకగది యొకటి కలదు.

ఆ గదిలో మొదట కూర్చున్నవాడు ఏలూరివాడైన కావలి వేంకట బొఱ్ఱయ్య. 1796లో మెకంజీ సింహళమునుండి తిరిగివచ్చిన పిమ్మట వీరికి పరిచయమయ్యెను. అప్పటికి బొఱ్ఱయ్యకు ఇరువదియేండ్లు. సంస్కృతము, పారసీకము, హిందూస్థానీ, ఇంగ్లీషు వచ్చినవాడు. అతడు దొరకంటె ముందుగా గ్రామమునకు పోయి, కరణముల భయమును, అర్చకుల సందేహమును తీర్చి, తాళపత్రములను వెలికి తీయించుచుండెను. మాసిన పాతలిపులను కూడబలుకుకొని చదువుచుండెను. ఎఱ్ఱకోటు తొడిగిన దొర గుఱ్ఱము దిగి యడిగిన యెడల దేవాలయపు తామ్రశాసనమును ఎవరు చూపుదురు? బొఱ్ఱయ్య దొరకినందువలననే ఈ దేశపు విజ్ఞానమునకు తనకు ద్వారము తెఱచుకొన్నదని మెకంజీయే 1817లో నొక లేఖయందు వ్రాసికొనెను. దేశభాషలు తనకు రాకుండుటయు దాచలేదు. ఆ నిజాయితీ తరువాతివారికి లేకపోయెను.

బొఱ్ఱయ్య 1803లో, ముప్పదియేండ్లయినను నిండకయే, గతించెను. తమ్ముడు లక్ష్మయ్య ఆ భారమును పూనెను. నారాయణరావు మొదలగు గుమాస్తాలు ఊరూర తిరిగి, గ్రామమెప్పుడు కట్టిరి, చెఱువెవరు త్రవ్వించిరి, మాన్యమెవరిచ్చిరి అని కరణములచే చెప్పించి కైఫీయతులు వ్రాసిరి. తాము చేసిన పనికి దినచర్యలు వ్రాసి లక్ష్మయ్యకును, దొరకును పంపుచుండిరి. 1816లో హిక్కీ యను చిత్రకారుడు వ్రాసిన పటమొకటి లండను నగరమున బ్రిటిష్ గ్రంథాలయమున నున్నది. దానిలో దొరతో ముగ్గురు దేశీయులు కనబడుదురు. ఒకరి చేత దూరదర్శిని, ఒకరి చేత తాళపత్రము. పటమునందైనను వారికి చోటు దొరకినది.

ఈ పనియంతయు పరాయి ప్రభుత్వమునకు ఉపకరించుటకే కాదా యని కొందఱనవచ్చును. నిజమే. 1800 మొదలు పదియేండ్లు మెకంజీ మైసూరు రాజ్యమును కొలిచినది పుణ్యమునకు కాదు. పటము ఫిరంగులకు దారి చూపును. మాన్యముల లెక్క పన్నులకు దారి చూపును. అయినను అవసరము తీఱిన పిమ్మటను ఆ కైఫీయతులు నిలిచియున్నవి. వాని నాధారముగా గొని మన పెద్దలు మన గ్రామముల చరిత్రములను వ్రాసిరి. వ్రాయించినవాని యుద్దేశము వ్రాతను చెఱుపలేదు.

మమ్ము నిజముగా బాధించు ఘట్టము తరువాతిది. దొర మరణించిన పిమ్మట, సగములో నిలిచిన యా పనిని తాను సాగింతునని లక్ష్మయ్య ప్రభుత్వమును వేడుకొనెను. పాతికయేండ్ల అనుభవము కలవాడు. ఆ రాశిలో ఏ కాగితమెక్కడనున్నదో యెఱిగినవాడు. విన్నపము కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీవారి పరిశీలనకు పోయెను. దాని కార్యదర్శి, అశోకుని బ్రాహ్మీలిపిని చదివి లోకమునకు మహోపకారము చేసిన జేమ్స్ ప్రిన్సెప్. అట్టివాని కాలముననే, 1836లో, ఆ పని లక్ష్మయ్యకు గాని మఱి యే దేశీయునకు గాని శక్యము కాదని తేల్చిరి. పిదప చెన్నపట్టణమున నున్న విలియం టెయిలరు అను మిషనరీకి దాని నప్పగించిరి. మిషను పాఠశాల సంచికలో ఈ మాట వ్రాయుటకు మేము సంకోచింపము. టెయిలరుగారు శ్రమపడి పట్టికలు కూర్చిరి. ఆ శ్రమను గౌరవింతము. కాని తెలుగు కైఫీయతును తెలుగువాడు చదువజాలడనుట ఏ న్యాయము?

ఆ తీర్పు వెలువడిన దాదాపు నూఱేండ్లకు, 1935లో, ఈ హైదరాబాదు నగరముననే లక్ష్మణరాయ పరిశోధక మండలివారు ‘తెలంగాణా శాసనములు’ అను గ్రంథమును ప్రకటించిరి. లక్ష్మయ్య దానిని చూడలేదు.

మా కోరిక చిన్నది. చరిత్రపాఠమున మెకంజీ పేరు వచ్చినప్పుడు ఉపాధ్యాయులు నల్లబల్లపై బొఱ్ఱయ్య, లక్ష్మయ్యల పేరులను కూడ వ్రాయవలయును. వేసవి సెలవులలో స్వగ్రామములకు పోవు విద్యార్థులు గుడిముందటనో, మసీదు గోడమీదనో, చెఱువు తూమునొద్దనో శాసనము కనబడినచో దానిపై సున్నము పూయనీయక, ఉన్నదున్నట్లు నకలు వ్రాసికొని రావలయును. ఆ నకలు క్రింద గ్రామము పేరు, తేదీ, దానిని చదివి చెప్పిన పెద్ద పేరు ముందుగను, వ్రాసికొన్న విద్యార్థి పేరు తరువాతను ఉండవలయును.