మేస్త్రమ్మ ఫోన్

మార్చి వచ్చిందంటే మా ఇంట్లో అమ్మ ఫోన్ ఎప్పుడూ ఫుల్ ఛార్జింగ్‌లో ఉంటుంది. మేస్త్రమ్మ ఫోన్ చేసి "సోమవారం నుంచి రా అక్కా" అంటే సీజన్ మొదలైనట్టు. చీరాల చుట్టుపక్కల పొగాకు గ్రేడింగ్‌కి వెళ్లే ఆడవాళ్లకి ఆఫర్ లెటర్ అంటే ఆ ఒక్క ఫోన్ కాలే.

అమ్మ పద్నాలుగు సీజన్లు చేసింది. నా ఇంగ్లీష్ మీడియం స్కూల్ ఫీజులో సగం ఆ డబ్బే. రెండేళ్ల క్రితం ఫోన్ రాలేదు. ఏప్రిల్ దాకా చూసి తనే చేసింది. "ఈసారి చిన్నపిల్లల్ని తీసుకున్నారక్కా, అవసరమైతే పిలుస్తా" అన్నారట. ఆ అవసరం జూన్‌లో వచ్చింది. కొత్తవాళ్లలో చాలామంది ఆ ఘాటుకి, ఆ ఎండకి మానేశారు. అప్పటికి అమ్మ తక్కువ జీతానికి బట్టల షాపులో చేరిపోయింది. ఇక వెళ్లలేదు. నష్టం అమ్మకి ఒక్కదానికేనా? నాకైతే అలా అనిపించదు.

ఆకు చేత్తో పట్టుకోగానే పదును ఉందో లేదో అమ్మ చెప్పేస్తుంది. ఎండిపోతే ఆకు విరుగుతుంది, తడి ఎక్కువైతే బూజు పడుతుంది. రంగు, మచ్చ, చెట్టుకి కింది ఆకా పై ఆకా అన్నది చూసి వేరు చేయాలి. ఇది రెండు రోజుల ట్రైనింగ్‌తో వచ్చేది కాదు. కానీ "సీజనల్" అనే మాట తగిలించగానే ఈ అనుభవం అంతా ఏటా సున్నా నుంచి మొదలవుతుంది. మన భాషలో చెప్పాలంటే ప్రతి మార్చికీ డేటాబేస్ డిలీట్ చేసి మళ్లీ కొత్తగా ఎంట్రీ చేస్తున్నట్టు.

"ఏటా ఎంతమంది కావాలో ముందే ఎలా తెలుస్తుంది?" అని అడగొచ్చు. నిజమే, పంట ఏటా ఒకేలా ఉండదు. కానీ గుంటూరులో ఉన్న పొగాకు బోర్డు ఎంత పంట వేయాలో నాట్లకి ముందే నిర్ణయిస్తుంది. ఆకు వేలానికి వచ్చేసరికి నెలలు గడుస్తాయి. వాన, తుఫాను లెక్క తప్పించొచ్చు. అయినా ఒక అంచనా వేసుకుని పాతవాళ్లకి ముందుగా కబురు పెట్టడానికి ఆ టైమ్ చాలు.

చట్టం కూడా వీళ్లని సగమే చూసింది. 1972 గ్రాట్యుటీ చట్టంలో మామూలు ఉద్యోగికి ఏడాదికి 15 రోజుల వేతనం లెక్క కడితే, సీజనల్ ఉద్యోగికి సీజన్‌కి 7 రోజులే ఉండేది. అది కూడా పేరు రికార్డులో ఉంటేనే కదా! మేస్త్రి నోట్‌బుక్‌లో "12 మంది" అని మాత్రమే ఉంటే, ఆ పన్నెండులో మా అమ్మ ఎవరు?

నేనడిగేది పెద్ద కోరికేం కాదు. ఒకటి, పోయిన సీజన్ చేసినవాళ్ల లిస్టు పేర్లతో ఉండాలి, కొత్తవాళ్లకన్నా ముందు వాళ్లని పిలవాలి. రెండు, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా పని అనేది కాగితం మీద ఇవ్వాలి. మూడు, ఎన్నో సీజన్ అనేదాన్ని బట్టి కూలి కొంచెమైనా పెరగాలి. చక్కెర ఫ్యాక్టరీల్లో అయితే పని లేని నెలల్లో కూడా సీజనల్ కార్మికులకి జీతంలో కొంత భాగం రిటైనింగ్ అలవెన్స్‌గా ఇచ్చే పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. ఆకుకి ఎందుకు కుదరదు?

చీరాల అనగానే మనం 1921, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య, ఊరు ఖాళీ చేసి రామ్‌నగర్‌కి వెళ్లిన జనం అని గర్వంగా రాస్తాం. రాయాలి కూడా. కానీ అదే ఊళ్లో పొద్దున్నే టిఫిన్ క్యారేజీలతో షేర్ ఆటోల్లో ఇరుక్కుని వెళ్లే ఆడవాళ్ల గురించి మన మ్యాగజైన్‌లో నేనైతే ఒక్క పేజీ చదవలేదు.

రేపు ప్లేస్‌మెంట్ వస్తే మనలో ఎవరో ఒకరు ఏదో కంపెనీకి హాజరు, జీతాల సాఫ్ట్‌వేర్ రాస్తాం. అందులో "సీజనల్" అని ఒక చెక్‌బాక్స్ ఉంటుంది. దాని పక్కన "ఎన్నో సీజన్?" అని ఇంకో కాలమ్ పెట్టండి ఫ్రెండ్స్. మా అమ్మ వరసలో అయితే అక్కడ 14 అని ఉండాలి.